కింది వాటాలో వచ్చిన నీళ్లు

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వెళ్లే పెద్ద రోడ్డు వెనక, మురుగునీటి నాలాను ఆనుకుని ఉన్న ఒక గల్లీలో ఫఖ్రున్నీసా ఇల్లు. పై అంతస్తులో ఆమె, కొడుకు ముషర్రఫ్ ఉండేవారు. భర్త పోయాక ఆమె జాకెట్లు కుట్టి కొడుకుని పెంచింది. కింది వాటాలో జానకీదేవి, ఆమె భర్త బుల్లబ్బాయి అద్దెకుండేవారు. వాళ్లది తణుకు దగ్గర పల్లె. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకుంటూ హాస్టళ్లలో ఉండే పిల్లలకు భోజనం క్యారేజీలు కట్టి పంపడం వాళ్ల జీవనం. ముందు గదిలో వంట, వెనక గదిలో కాపురం.

జానకీదేవి ఇంటామెను ‘ఆపాగారూ’ అని పిలిచేది. ఆపా అంటేనే అక్క అని, మళ్లీ గారు ఎందుకని ముషర్రఫ్ నవ్వినా ఆమె ఆ గారుని వదల్లేదు.

కరోనా వచ్చిన ఏడాది అది. వేసవి అంతా మధురానగర్ హాస్టళ్లు తాళాలు వేసి ఉన్నాయి. దసరా దగ్గర పడుతుండగా ఒక్కొక్కటే తెరుచుకుని, పిల్లలు మాస్కులు కట్టుకుని తిరిగి రావడం మొదలుపెట్టారు. బుల్లబ్బాయి ధైర్యం చేసి నెలకు సరిపడా బియ్యం, పప్పులు, నూనె తెచ్చి పెట్టాడు. ఆ వారంలోనే వాన పట్టింది.

పొద్దున సన్నగా మొదలైన వాన మధ్యాహ్నానికి ఆకాశం చిల్లులు పడ్డట్టు కురిసింది. నాలా పొంగింది. ముందు గుమ్మంలోకి నల్లటి నీళ్లు వచ్చాయి. జానకీదేవి గోనెసంచులు అడ్డం పెట్టింది. అవి తేలిపోయాయి. చూస్తుండగానే మోకాళ్లు దాటి నడుము దాకా వచ్చేసరికి ఆమె గ్రైండర్‌ని పట్టుకుని పైకి లేపాలని చూస్తోంది.

“జానకమ్మా! సామాను వదిలెయ్! పానం ముఖ్యమా, గ్రైండర్ ముఖ్యమా?” మెట్ల మీద నుంచి ఫఖ్రున్నీసా అరిచింది. బుల్లబ్బాయికి మోకాళ్ల నొప్పులు. నీళ్లలో అడుగు వేయలేక తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. ఫఖ్రున్నీసా చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగి, అతని చెయ్యి పట్టుకుని మెట్ల దాకా లాక్కొచ్చింది. వెనకే జానకీదేవి ఖాళీ చేతులతో పైకెక్కింది.

నీళ్లు తీసేదాకా వాళ్లు పైనే ఉన్నారు. మాంసం వండే గిన్నెల్లో వండితే వీళ్లు తింటారో లేదోనని ఫఖ్రున్నీసా ముషర్రఫ్‌ని బజారుకు పంపి కొత్త గిన్నె తెప్పించింది. జానకీదేవి ఆ గిన్నె చూసి, అంత దిగుల్లోనూ నవ్వేసింది.

“ఇదెందుకండీ ఆపాగారూ! మాది గోదావరి. చేప లేందే మాకు ముద్ద దిగదండి. మీరేం వండితే అదే పెట్టండి.”

నీళ్లు పోయాక కింద మిగిలింది బురద. బియ్యం కుళ్లిపోయాయి. గ్రైండర్ మోటారు కాలిపోయింది. పరుపులు, బట్టలు గల్లీలో కుప్ప పోశారు. గోడ మీద నడుము ఎత్తున నల్లగా చార మిగిలింది. బుల్లబ్బాయి దాన్ని తుడవబోతే జానకీదేవి ఆపింది.

“ఉండనివ్వండి. చూడ్డానికి ఎవరైనా వస్తారు.”

ఆమె అన్నట్టే వచ్చారు. నగర ఎన్నికలు దగ్గర పడ్డాయి. వరదలో మునిగిన ప్రతి కుటుంబానికి ప్రభుత్వం పదివేలు ఇస్తుందని, చేతికే ఇస్తుందని టీవీలో చెప్పారు. చెప్పిన రెండో రోజే వార్డులో అధికార పార్టీ పనులు చూసే దుర్గేష్ గల్లీలోకి వచ్చాడు. వెంట మున్సిపల్ ఉద్యోగి ఒకాయన, ఫోన్‌లో ఫోటోలు తీసే మనిషి. గల్లీలో ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో దుర్గేష్‌కి నోటికొచ్చు.

ఫఖ్రున్నీసా అప్పుడు కింద జానకీదేవితో కలిసి బురద ఎత్తిపోస్తోంది.

“ఖాలా, లిస్టుల నీ పేరుంది. సంతకం పెట్టి ఒక ఫోటో దిగు,” అన్నాడు దుర్గేష్, పిన్నిని పిలిచినంత చనువుగా.

“నా ఇంట్ల నీళ్లు రాలే బేటా. గీమె ఇంట్ల వచ్చినయి. చూడు, గోడ మీద ఎంత దాకా ఉన్నదో. గీమెకియ్యి.”

దుర్గేష్ గోడ వైపు చూడలేదు. జానకీదేవి వైపు చూశాడు.

“అమ్మా, మీ ఓటు ఏడున్నది?”

“మా ఊళ్లోనండి. తణుకు దగ్గర.”

“గదే మరి. ఈడ ఓటున్నోళ్ల పేర్లే వచ్చినయి నాకు.”

“ఓటు ఎక్కడుంటే ఏంటండీ? మునిగింది ఇక్కడే కదా. ఎనిమిదేళ్ల నుంచి ఇక్కడే అద్దెకుంటున్నామండి మేము.”

“గవన్నీ నాకు తెల్వదమ్మా. పైనుంచి ఎట్ల చెప్తే గట్ల. ఖాలా, జల్ది చెయ్యి, ఇంకా మస్తు ఇండ్లు తిరగాలె.”

ఫఖ్రున్నీసా ఒక్క క్షణం ఆలోచించింది. తాను తీసుకుంటే జానకమ్మ చేతికైనా ఇవ్వొచ్చు. వద్దంటే ఇద్దరికీ పోతుంది. బురద చేతులు కడుక్కుని, కొంగు తల మీదికి లాక్కుని సంతకం పెట్టింది. కవరు పట్టుకుని ఫోటో దిగింది. వాళ్లు పక్కింటికి కదలగానే ఆ కవరు జానకీదేవి ముందు చాచింది.

“తీసుకో. నీదే.”

జానకీదేవి చేతులు వెనక్కి పెట్టుకుంది. “వద్దండి. ఇది నేను తీసుకుంటే మీరు నాకు సాయం చేసినట్టవుతుంది. మీరు చేసిన సాయం చాలండి, నీళ్లలోంచి లాగారు, తిండి పెట్టారు. కానీ ఇది వాళ్లు ఇవ్వాల్సింది. నా ఇల్లు మునిగిందని వాళ్ల నోటితో ఒప్పుకుని, నా పేరు మీద ఇవ్వాలి.”

“తీసుకోవే,” అన్నాడు బుల్లబ్బాయి మెల్లగా. “ఎవరి పేరైతే ఏంటి? మోటారు చుట్టించుకుందాం.”

“మీరుండండి,” అంది ఆమె. గొంతు పెంచలేదు. బుల్లబ్బాయి చీపురు అందుకున్నాడు.

ఫఖ్రున్నీసా కవరు బీరువాలో పెట్టింది. ఈమె రెండు రోజుల్లో మెత్తబడుతుందిలే అనుకుంది.

జానకీదేవి మెత్తబడలేదు. వార్డు ఆఫీసుకి వెళ్లింది. రేపు రమ్మన్నారు. మర్నాడు వెళితే పేర్లు రాసుకోవడం అయిపోయిందన్నారు. దీపావళి తర్వాత, మిగిలిపోయిన వాళ్లు మీసేవలో అర్జీ పెట్టుకోవచ్చని కబురొచ్చింది. మర్నాడు తెల్లారకముందే ఆమె అమీర్‌పేటలో మీసేవ ముందు నిలబడింది. అప్పటికే లైను సందు తిరిగి రోడ్డు దాకా ఉంది. ముసలివాళ్లు చెప్పులు తమ బదులు లైన్లో పెట్టి అరుగుల మీద కూర్చున్నారు. మాస్కులు గడ్డాల కిందికి జారి ఉన్నాయి.

ఎండ ఎక్కాక ఫఖ్రున్నీసా రొట్టెలు, టీ తీసుకుని వచ్చింది. “నువ్వు జర కూసో. నేను నిలబడ్త.” అలా ఇద్దరూ మార్చి మార్చి నిలబడ్డారు. లైన్లో పక్కవాళ్లతో మాటలు కలిశాయి. ఒకామె భర్త అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, సెల్లార్ గదిలో కాపురం. ఇంకొకాయన పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ. అందరూ కింది వాటాల వాళ్లే. అందరికీ ఓటు ఇంకెక్కడో ఉంది.

ఆ రోజు వాళ్ల వంతు రాలేదు. మర్నాడు మళ్లీ వెళ్లారు. గుమ్మం కనిపించేంత దగ్గరికి వచ్చారు. అప్పుడు లోపల్నుంచి ఒక మనిషి వచ్చి, ఎన్నికల కోడ్ కాబట్టి సాయం ఆపమని ఉత్తర్వు వచ్చిందని చెప్పి షట్టర్ సగానికి దించాడు. జనం ముందుకు తోసుకొచ్చారు. ఎవరో ఏడ్చారు. ఎవరో తిట్టారు. పోలీసులు వచ్చి అందర్నీ పంపేశారు. జానకీదేవి మాత్రం మెట్టు మీద కూర్చుని లేవలేదు.

“ఇంటికి పోమ్మా. ఎలక్షన్ అయినంక ఇస్తరు,” అన్నాడు కానిస్టేబుల్.

“అయ్యాక మేం ఎవరికి గుర్తుంటామండీ?”

ఫఖ్రున్నీసా ఆమె భుజం పట్టి లేపింది.

ఇంటికి రాగానే ఫఖ్రున్నీసా బీరువా తెరిచి కవరు బయటికి తీసింది. తన చేతిలో ఆ కవరు ఉండటం మొదటిసారి ఆమెకు సిగ్గుగా అనిపించింది. నీళ్లలో నిలబడ్డ మనిషి రెండు రోజులు ఎండలో నిలబడి ఉత్త చేతులతో వచ్చింది. మేడ మీద పొడిగా కూర్చున్న తనకు ఇంటికి తెచ్చిచ్చారు.

ముషర్రఫ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్ని హైటెక్ సిటీకి తిప్పే క్యాబ్ నడిపేవాడు. వాళ్లంతా ఇళ్లలో కూర్చుని పని చేస్తుండటంతో మార్చి నుంచి కారు గల్లీ మొదట్లో మెరక మీద కదలకుండా ఉంది.

“అమ్మీ, అవి నాకియ్యి. ఫైనాన్స్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నరు.”

“ఇవి రేపు వాపస్ ఇచ్చేస్త.”

ముషర్రఫ్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు పెద్దదైంది. “ఎవరన్న వాపస్ ఇస్తరా? గల్లీల పై అంతస్తులోళ్లు సుత అందరూ తీసుకున్నరు! నువ్వొక్కదానివి పోయి ఇచ్చినవంటే అందర్నీ అడుగుతరు. అందరూ మన మీద పడ్తరు.”

“పడనీ. నీళ్లు రాని ఇంటికొచ్చిన పైసలు నాకొద్దు. నేను వాపస్ ఇస్తే, ఎందుకిస్తున్నవని అడుగుతరు గదా? గప్పుడు చెప్త, నీళ్లు ఎవరింట్ల వచ్చినయో.”

మర్నాడు ఇద్దరు ఆడవాళ్లూ ఖైరతాబాద్ వైపున్న మున్సిపల్ ఆఫీసుకి ఆటోలో వెళ్లారు. వరద సాయం లెక్కలు చూసే అధికారిణి పేరు మంజూష. ముప్ఫై అయిదేళ్లుంటాయి. ఎన్నికల పని నెత్తిన పడి, కళ్ల కింద నల్లగా ఉంది. ఫఖ్రున్నీసా కవరు బల్ల మీద పెట్టి చెప్పాల్సింది చెప్పింది.

మంజూష కవరు వైపు, ఆమె వైపు చూసింది. “వాపస్ తీసుకునే పద్ధతి లేదమ్మా. ఇప్పటిదాకా ఎవ్వరూ ఇయ్యలేదు. పైగా కోడ్ ఉంది.”

“కోడ్‌ల ఇయ్యొద్దన్నరు. తీసుకోవొద్దని అనలేదు గద మేడమ్?”

పక్క సీట్లో గుమస్తా నవ్వాపుకోలేకపోయాడు. మంజూష నవ్వలేదు. “తీసుకుంటే ఎందుకు తీసుకున్ననో రాయాలె. రాస్తే మీ గల్లీల ఇచ్చినవన్నీ చూడాలె. నాకు నిద్రపోయే టైమ్ కూడా లేదు. ఇంటికి పొండి, ఎలక్షన్ అయినంక రండి.”

“రాసేదాకా ఇక్కడే కూసుంట,” అంది ఫఖ్రున్నీసా. గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చుంది. జానకీదేవి పక్కన కూర్చుంది.

కూర్చున్నారు. ఉద్యోగులు వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. ఒకరిద్దరు వచ్చి మంచిమాటలు చెప్పి చూశారు. భోజనాల వేళ జానకీదేవి సంచిలోంచి పులిహోర తీసి ఇద్దరికీ పెట్టింది. కవరు మంజూష బల్ల మీదే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు, తిరిగి ఇవ్వనూ లేదు.

ఎవరు చెప్పారో, మధ్యాహ్నం దుర్గేష్ వచ్చాడు. ముందు నవ్వుతూనే మాట్లాడాడు.

“ఏంది ఖాలా గిది? ఇంటికి పోదాం పా. గీ అమ్మకు సుత ఎలక్షన్ అయినంక నేనే ఇప్పిస్త.”

“ఇప్పుడు ఈ మేడమ్ ముందట గా మాట రాసియ్యి,” అంది ఫఖ్రున్నీసా.

దుర్గేష్ నవ్వు పోయింది. కొంచెం వంగి, గొంతు తగ్గించాడు. తగ్గించినా గదిలో అందరికీ వినపడింది. “నీ ఇల్లు నాలా పక్కకున్నది ఖాలా. రేపు ఎవరన్న వచ్చి పర్మిషన్ కాగితాలు అడిగితే ఏం చెప్తవ్? జర సోచాయించు.”

ఆ ఇల్లు ఫఖ్రున్నీసా భర్త కట్టింది. నాలా వెడల్పు చేస్తామని ఎప్పుడు ఎవరన్నా, ఇళ్లు కూలుస్తారని ఆ గల్లీలో అందరూ భయపడేవారు. జానకీదేవికి ఆ భయం తెలుసు. ఆమె లేచి, “వెళ్లిపోదామండి ఆపాగారూ. నా కోసం మీ ఇల్లు పోగొట్టుకోకండి,” అంది.

“కూసో,” అంది ఫఖ్రున్నీసా. తర్వాత దుర్గేష్ వైపు తిరిగింది. “కాగితాలు ఉన్నయి. మా ఆయన సంతకం ఉన్నది. ఎవరినన్న పంపియ్. చూపిస్త. కానీ గీ పైసలు మాత్రం తీసుకపోను.”

అప్పటిదాకా తల వంచుకుని రాసుకుంటున్న మంజూష పెన్ను కింద పెట్టింది.

“దుర్గేష్ గారూ, కోడ్ ఉంది. పార్టీ వాళ్లు ఈ ఆఫీసులో కూర్చుని జనాన్ని బెదిరించొద్దు. మీరు బయటికి నడవండి.”

“మేడమ్, నేను గట్ల...”

“నడవండి.”

అతను ఫోన్ చెవికి పెట్టుకుంటూ బయటికి పోయాడు. మంజూష గుమస్తాని రసీదు పుస్తకం తెమ్మంది. డబ్బు లెక్క చూసుకుని తనే రాసింది. ఫఖ్రున్నీసాకి తెలుగు చదవడం రాదు కాబట్టి జానకీదేవి తీసుకుని పైకి చదివింది. పై అంతస్తులో నీరు చేరనందున ఇచ్చిన సాయం వాపసు తీసుకోవడమైనది. అదే ఇంటి కింది వాటాలో అద్దెకున్న జానకీదేవి కుటుంబం నష్టపోయినట్లు తెలిపారు. విచారించవలెను. తన పేరు దగ్గరికి వచ్చేసరికి జానకీదేవి ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

“ఇది రాసినంత మాత్రాన పైసలొస్తయని నేను చెప్పలేనమ్మా. ఎలక్షన్ అయినంక నేనే వచ్చి చూస్త. గంత వరకే చెప్పగలను,” అంది మంజూష.

ముషర్రఫ్ చెప్పినట్టే అయింది. సాయంత్రానికి కబురు గల్లీ అంతా పాకింది. ఎదురింటి మేడ మీద ఉండే రుద్రమ్మ కిటికీలోంచే అందుకుంది. “నువ్వొక్కదానివే నీతిమంతురాలివా? మేమందరం దొంగలమా? ఇప్పుడు మా ఇంటికి వచ్చి అడిగితే ఏడికెల్లి తెచ్చియ్యాలె?” కుట్టమని ఇచ్చిన జాకెట్ గుడ్డలు రెండిళ్ల వాళ్లు వెనక్కి తీసుకుపోయారు. ముషర్రఫ్ తల్లితో మాట్లాడటం మానేశాడు. ఫఖ్రున్నీసా మిషను ముందు కూర్చుని, మిగిలిన గుడ్డలే కుట్టుకుంది. తప్పు చేశానా అని ఒకటి రెండుసార్లు ఆమెకే అనిపించింది. కింది నుంచి పోపు వాసన వస్తే మళ్లీ కుదుటపడేది.

జానకీదేవి డబ్బు కోసం కాచుకుని కూర్చోలేదు. ఆపాగారి మిక్సీ అడిగి తెచ్చుకుని, రెండు హాస్టళ్లకు వంట మొదలుపెట్టింది. బుల్లబ్బాయికి మోకాళ్లు సహకరించక క్యారేజీలు మోయడం కష్టమైంది. ఒక మధ్యాహ్నం అతను మెట్టు మీద కూర్చుని ఆయాసపడుతుంటే ముషర్రఫ్ చూశాడు. క్యారేజీలు తీసి కారు డిక్కీలో పెట్టుకుని మధురానగర్ వెళ్లి దింపి వచ్చాడు. మర్నాడూ వెళ్లాడు. వారం చివర్లో జానకీదేవి అతని చేతిలో పెట్రోలు ఖర్చు, కూలీ కలిపి పెట్టింది. అతను అవి తీసుకెళ్లి తల్లి మిషను పక్కన పెట్టి, “అమ్మీ, చాయ్ ఉందా?” అని అడిగాడు. చాలా రోజుల తర్వాత అడిగిన మొదటి మాట అది.

ఎన్నికలు అయ్యాయి. దుర్గేష్ వాళ్ల మనిషే గెలిచాడు. డప్పులు గల్లీలోంచే వెళ్లాయి. మంజూష రాలేదు. జానకీదేవి ప్రతి సోమవారం వంట ముగించుకుని ఆఫీసుకి వెళ్లేది. గుమస్తా ఆమెను చూడగానే “రాలేదమ్మా ఇంకా” అనేవాడు. ఆమె “పర్లేదండి, కూర్చుంటాను” అని అదే బెంచీ మీద కాసేపు కూర్చుని వచ్చేది. ఈలోగా మీసేవ లైన్లో పరిచయమైన వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, గోడలకు సున్నం వేయొద్దని చెప్పి వచ్చింది. కొందరికి ఇంటి యజమానులు అప్పటికే వేయించేశారు.

డిసెంబర్ చివర్లో ఒక ఉదయం మంజూష ఇద్దరు ఉద్యోగులతో గల్లీలోకి వచ్చింది. ఆ గల్లీలోనూ వెనక గల్లీల్లోనూ కింది వాటాల్లోకి, సెల్లార్ గదుల్లోకి వంగి వెళ్లి గోడలు చూసింది. జానకీదేవి ముందు నడిచి తలుపులు కొట్టింది. దుర్గేష్ గల్లీ మొదట్లో బండి ఆపి చూస్తూ నిలబడ్డాడు కానీ దగ్గరికి రాలేదు. పై అంతస్తుల వాళ్లను మంజూష ఏమీ అడగలేదు. ఎందుకు అడగలేదో, పై నుంచి వద్దన్నారో, ఆమే వదిలేసిందో ఎవరికీ తెలియదు. రుద్రమ్మ మాత్రం ఆ రోజంతా కిటికీ మూసుకునే ఉంది.

జనవరిలో జానకీదేవి ఖాతాలో పదివేలు పడ్డాయి. వాచ్‌మన్ భార్యకీ పడ్డాయి. సున్నం వేసిన ఇళ్ల వాళ్లకు రాలేదు. పాలమూరు మేస్త్రీ అప్పటికే గది ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయాడు. అతని ఫోన్ పలకలేదు.

డబ్బు పడిందని బ్యాంకు మెసేజ్ వచ్చినప్పుడు జానకీదేవి వంకాయలు తరుగుతోంది. చేతులు తుడుచుకుని చదువుకుంది. మెట్లెక్కి పైకి వెళ్లింది.

“పడ్డాయండి ఆపాగారూ. నా పేరు మీదే.”

ఫఖ్రున్నీసా మిషను ఆపింది. ఇంతకాలం ఎవరేమన్నా తొణకని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జానకీదేవి ఆమె పక్కన నేల మీద కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది.

“అయ్యో, ఏంటండీ ఇది. వచ్చాయి కదండీ.”

“గందుకే,” అంది ఫఖ్రున్నీసా.

కింది నుంచి బుల్లబ్బాయి పిలిచాడు. ఎవరో వచ్చారట. జానకీదేవి దిగి వచ్చేసరికి గుమ్మంలో పచ్చ చీర కట్టుకున్న చిన్న వయసు మనిషి, చంకలో పిల్లతో నిలబడి ఉంది. వెనక గల్లీలో సెల్లార్ గదిలో ఉంటారట. వాళ్ల గోడకు సున్నం వేసేశారు, డబ్బు రాలేదు.

“అక్కా, నువ్వు పోయి మాట్లాడితే వాచ్‌మన్ భార్యకు పైసలు పడ్డయంట గదా. మాకు సుత ఇస్తరా?”

“ఇస్తారో లేదో నాకూ తెలీదమ్మా,” అంది జానకీదేవి. “కానీ అడగాలి కదా. నీళ్లు వచ్చినప్పుడు ఫోన్‌లో ఎవరైనా ఫోటో తీశారా?”

“మా మరిది తీసిండు.”

“అయితే మరిదికి ఫోన్ చేసి పంపమను. ఆ మేడమ్ పదకొండు దాటితే గానీ సీట్లోకి రారు. క్యారేజీలు పంపేసి వస్తాను, ఇద్దరం వెళ్దాం. పిల్లకి ఏమైనా పెట్టావా? లోపలికి రా, వేడన్నం ఉంది.”